హెలెనమ్మ పెళ్లి వద్దన్న ముప్పై ఒక్క మంది

సెప్టెంబర్ 12, శుక్రవారం. సాయంత్రం

మూడో సీజన్ మొదలైంది. అన్నాలయ్యాక రెండింటికి నేనూ అత్తమ్మా టీవీ ముందు కూర్చున్నాం. యాభై నాలుగు నిమిషాల ఎపిసోడ్. కరెంటు రెండుసార్లు పోయింది, గంటన్నర పట్టింది. లేచేసరికి నడుము పట్టేసింది.

ప్రతి సీజన్‌కూ కొత్త నోటుబుక్కు. మొదటి పేజీలో ఎవరు ఎవరో రాసుకోకపోతే నాకే గుర్తుండదు. సీరియల్ పేరు వెక్స్‌మూర్ హౌస్. ఇంగ్లండుది, నూరేళ్ల కిందటి కథ, తెలుగు డబ్బింగ్‌లో వస్తుంది. పెద్ద బంగళా. పైన దొరలు, కింద వంటింట్లో పనివాళ్లు. లేడీ హెలెన్: ఆ ఇంటి కోడలు, నలభై రెండేళ్లు, భర్త యుద్ధంలో పోయాడు. ఎడిత్: ఆమె కూతురు, ఎనిమిదేళ్లు. ముసలి దొరసాని: అత్తగారు. మిస్టర్ పైక్: ఆ ఇంటి భూములు చూసే గుమస్తా. ఇంకా పదిహేను మంది ఉన్నారు గానీ ఈ నలుగురు గుర్తుంటే చాలు.

అత్తమ్మ ఎవరి పేరూ పలకదు. హెలెన్ ఒక్కతే హెలెనమ్మ. బంగళా ఆమెకు గడి. పోయిన మామయ్య మల్లాపూర్ దగ్గర దొర గడికి రోజూ కల్లు మోసిన మనిషి, కాబట్టి గడి సంగతులు ఆ ఇంగ్లండు వాళ్లకన్నా తనకే ఎక్కువ తెలుసని ఆమె ధీమా. ఇవాళ హెలెన్ వంటమనిషితో దయచేసి అన్నదని నవ్వు ఆపుకోలేకపోయింది. గసొంటి దొరసాని ఏ గడిల ఉన్నదో చూపియ్యి, పోయి కాళ్లు మొక్కస్త అంది.

సెప్టెంబర్ 13, శనివారం

సారాంశం రాసి గ్రూపులో పెట్టాను. రాత్రి వంట చేసుకునే లోపు నూట నలభై మెసేజ్‌లు.

గ్రూపు పేరు వెక్స్‌మూర్ గడి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లం నలభై ఆరు మందిమి. జగిత్యాలలో బ్యూటీ పార్లర్ నడిపే సంగీత అడ్మిన్. అందరం ఆడవాళ్లమే, మల్లాపూర్ రిటైర్డ్ హిస్టరీ మాస్టరు ప్రేమ్‌కుమార్ సారు తప్ప. ఆయన భార్య నంబరనుకొని సంగీత ఆయన్ను కలిపింది. ఆయన పోలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఆ కాలంలో కోటుకు అటువంటి గుండీలు ఉండవని ఇవాళ నాలుగు మెసేజ్‌లు పెట్టారు. గుండీలు చూసుటానికి మాకు మీరొక్కలు దొరికిండ్లు సార్ అని సంగీత రాసింది.

నా పని రెండు. శనివారం సారాంశం, ఆదివారం లెక్క. ఎవరికి నచ్చింది, ఎవరికి నచ్చలేదు, ఏ ఊరు ఎటు. మొదట ఎవరూ అడగలేదు. అన్ని మెసేజ్‌లు చూసి నాకే తల తిరిగి ఒక పట్టిక గీశాను. ఇప్పుడు ఆదివారం పదకొండు దాటితే రమక్కా లెక్కేది అని అడుగుతారు.

సెప్టెంబర్ 17, బుధవారం

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయి వచ్చాను. వేములవాడలో బస్సు మారాలి. వచ్చేటప్పుడు అక్కడి దాకా నిలబడే వచ్చాను. మోకాళ్లు.

శ్రీవాణి రమ్మంది. మా ఆయనకు చెల్లెలు, నాకు ఆడబిడ్డ. నలభై మూడేళ్లు. భర్త వెంకటేశం గుండె ఆగి పోయి ఆరేళ్లు. కుట్టు యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తుంది. కూతురు నవనీత అక్కడే డిగ్రీ మొదటి సంవత్సరం. శ్రీవాణి మా గ్రూపులో కూడా ఉంది, నేనే కలిపాను. ఒక్క మెసేజ్ పెట్టదు. అన్నీ చదువుతుంది.

చాయ నా చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి, చెప్పింది. యూనిట్‌లో మిషన్లు బాగుచేసే హరిప్రసాద్ అని ఒకాయన. బోయినపల్లి వాళ్లు. నలభై ఎనిమిది. భార్య పోయి పదేళ్లు, పిల్లలు లేరు. పెండ్లి చేస్కుంటం వదినా అంది. అంతే. సిగ్గు పడలేదు, ఏడవలేదు.

అన్నకు, అవ్వకు నువ్వే చెప్పాలె, నేను చెప్తే అన్న లొల్లి జేస్తడు, నువ్వు చెప్తే ఇంటడు అంది. అవ్వ అంటే అత్తమ్మ. అందరికన్న ముందు నువ్వేమంటవో చెప్పు అంది.

కొన్నాళ్లు ఆగు, చూద్దాం అన్నాను. ఏం చూసేదున్నది వదినా అని అడిగింది. చాయ బాగుందన్నాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

రెండో ఎపిసోడ్. వానలో తడిసి వచ్చిన పైక్‌కు హెలెన్ తన చేత్తో చాయ పోసి ఇచ్చింది. అత్తమ్మ సోఫాలో ముందుకు జరిగింది. దొరసాని చాయ పోసుడేందే, మా దొరసాని నీళ్లడిగితె ఎత్తుమీదికెల్లి దోసిట్ల పోసేది అంది. కాసేపాగి, గీ ఇద్దరి నడుమ ఏదో ఉన్నది, రాస్కో అంది.

రాసుకున్నాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఇంకా చెప్పలేదు. ఆదివారం చెప్దామనుకున్నాను, ఆయన మోటార్ వైండింగ్ దుకాణంలో పనివాడు రాలేదని చిరాకుగా ఉన్నాడు. నిన్న చెప్దామనుకున్నాను, అత్తమ్మకు జ్వరం. ఇవాళ ఏ అడ్డూ లేదు. అయినా చెప్పలేదు.

శ్రీవాణి ఫోన్ చేయలేదు. చేయకపోవడమే బరువుగా ఉంది.

సెప్టెంబర్ 26, శుక్రవారం. సాయంత్రం 6

మూడో ఎపిసోడ్. గుర్రాలశాలలో పైక్ టోపీ తీసి, నన్ను పెళ్లి చేసుకుంటారా అని హెలెన్‌ను అడిగాడు. ఆమె జవాబు చెప్పకముందే ఎపిసోడ్ అయిపోయింది.

ఆరింటికల్లా నాలుగు వందల పన్నెండు మెసేజ్‌లు. ఇప్పటిదాకా ఇదే ఎక్కువ.

భర్త ఫొటో గోడ మీదుండంగ ఎట్ల మనసొప్పుతది అని జగిత్యాల టీచరమ్మ. ఇరవై రెండేండ్లకైతె పాపమనుకుందుము, మోకాళ్లకు తైలం రాసుకునే వయసుల పెండ్లేంది అని ఇంకొకామె. మీరు రాస్కోరి తైలం, ఆమె మోకాళ్లు మంచిగనే ఉన్నయి అని సిరిసిల్ల నుంచి ఎవరో. పైకు సారుకు ఏం తక్కువ, మీసమొక్కటి తీసేస్తె మంచిగుంటడు అని మా వీధి బట్టల దుకాణం ఆమె. అత్త ముఖం చూసిండ్లా, చింతకాయ కొరికినట్టు పెట్టింది అని ఒకరు. మొగని మీద ప్రమాణం చేసింది మొదటి సీజన్ల, మరిచిపోయిందా అని సంగీత. మొత్తం మీద కోపమే ఎక్కువ. గుమస్తాను చేసుకుంటే ఆస్తి మీద హక్కు ఏమవుతుందో చెప్పడానికి ప్రేమ్‌కుమార్ సారు ప్రయత్నించారు, ఎవరూ వినలేదు.

సంగీత రాసింది: రమక్కా, ఈ ఆదివారం పక్కా లెక్క కావాలె, హెలెనమ్మ చేస్కోవాల్నా వద్దా, పేరు పేరునా.

నాకు ఆ మాట బాగా అనిపించింది. ఎందుకో ఇక్కడ నిజం రాయాలి. గ్రూపులో ఇంతమంది ఏమంటారో తెలిస్తే, ఇంట్లో ఎట్లా చెప్పాలో నాకు తెలుస్తుంది అనుకున్నాను. శ్రీవాణి పేరు బయటికి రాకుండా శ్రీవాణి సంగతి అందర్నీ అడిగినట్టవుతుంది.

నేనూ ఒకటి రాయాలి కదా. చేసుకుంటే తప్పేముంది అని టైప్ చేశాను. గ్రూపులో మా ఆయన పిన్ని కోడలుంది. తుడిచేశాను. ఈ వయసులో అంత తొందరేముంది అని పెట్టాను. పదకొండు మంది బొటనవేలు పెట్టారు.

సెప్టెంబర్ 28, ఆదివారం. పగలు 11

లెక్క తేలింది. మనిషికి ఒకటే, మెసేజ్‌లు ఎన్ని పెట్టినా. రెండు రకాలుగా మాట్లాడిన వాళ్లది ఆఖరి మాటే పట్టుకున్నాను. మూడుసార్లు కూడాను.

వద్దు: ముప్పై ఒకటి. సరే: తొమ్మిది. జవాబు లేదు: ఆరు.

సిరిసిల్ల వాళ్లు పదకొండు మందిలో వద్దు తొమ్మిది, సరే ఒకటి, జవాబు లేనిది ఒకటి. ఆ ఒక్కటి శ్రీవాణి.

నన్ను ఎందులో వేసుకోవాలో కొంచెంసేపు పెన్ను పట్టుకొని కూర్చున్నాను. రాసింది రాసినట్టే వేయాలి. వద్దులో వేశాను. మొత్తం నలభై ఆరు సరిపోయింది. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను.

సెప్టెంబర్ 29, సోమవారం

పొద్దున పాలు పొంగిస్తుండగా చూశాను. శ్రీవాణి గ్రూపులోంచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. బాగున్నావా, అవ్వ బాగున్నదా అని అడగలేదు. ముప్పై ఒక్కటిల నువ్వున్నవా వదినా అని అడిగింది. ఉన్నాను అన్నాను. సీరియల్ గురించి శ్రీవాణీ, అది వేరు అన్నాను. గట్లనా అంది. ఫోన్ పెట్టేసింది.

అక్టోబర్ 2, గురువారం

దసరా. ఒళ్లు నొప్పులు. శ్రీవాణి రాలేదు, యూనిట్‌లో పని ఉందని అన్నకు చెప్పిందట. రాయడానికేమీ లేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

నాలుగో ఎపిసోడ్. హెలెన్ సరే అంది. పెద్దగా ఏమీ లేదు, పైక్ కోటు మీద అంటిన గడ్డి దులిపి, సరే అంది.

గ్రూపులో శోకాలు. సంగీత సబ్‌స్క్రిప్షన్ తీసేస్తానని మూడోసారి బెదిరించింది. నేను ఫోన్ బోర్లా పెట్టాను.

అత్తమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. చేస్కోనియ్యిరాదు అంది. మా కులంల మారుమనువు లేకుండెనా, పెద్దమనుషులు కూసుండి ఒప్పుకుంటుండిరి, పొద్దు వాలినంక డప్పు సప్పుడు లేకుంట చీరె కట్టిచ్చి తోలుతుండిరి, గీ సదువుకున్నోళ్లకేమాయె గింత ఏడుస్తుండ్లు అంది. మళ్లీ, ఆ పొల్లేది, కనవడ్తలేదు అని అడిగింది. ఎడిత్ హాస్టల్లో ఉంది అని చెప్పాను.

ఇంతకన్నా మంచి సమయం రాదనుకున్నాను. టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. చెప్పేశాను. శ్రీవాణి అడిగింది అత్తమ్మా, ఆయన పేరు హరిప్రసాద్, ఇట్లా ఇట్లా అని అంతా చెప్పాను.

అత్తమ్మ నన్ను చూడలేదు. రిమోట్ ఎప్పుడూ ముట్టని మనిషి, వెతికి, గుండ్రటి బటన్ నొక్కి టీవీ ఆపింది. లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి అన్నం వద్దంది.

అక్టోబర్ 4, శనివారం

ఆయనకు కూడా చెప్పాను. ఇక దాచడానికేముంది. ఆయన పెళ్లి గురించి కాదు, నా గురించి కోప్పడ్డాడు. నా చెల్లె నాకు చెప్పక నీకెందుకు చెప్పింది, నువ్వు పదిహేడు దినాలు ఎట్ల దాసినవు అన్నాడు. రోజులు సరిగ్గా లెక్కపెట్టాడు. లోకం ఏమంటది అన్నాడు. చివరికి, అవ్వ ఎట్లంటె గట్ల అని దుకాణానికి వెళ్లిపోయాడు.

సారాంశం రాయలేదు. ఎవరో అడిగారు. జ్వరం అని చెప్పాను.

అక్టోబర్ 5, ఆదివారం

పొద్దున చిక్కుడుకాయలు వొలుస్తుంటే అత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కూర్చొని తనూ వొలిచింది. సగం గంప అయ్యాక మాట్లాడింది.

ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఇది నాకు తెలియదు. మా ఆయనకు కూడా తెలియదనుకుంటాను.

ఆమెకు ఐదేళ్లప్పుడు తండ్రి తాటిచెట్టు మీద నుంచి పడి పోయాడు. తల్లికి ఇరవై రెండు. ఏడాది తిరిగాక పెద్దమనుషులు కూర్చొని, ధర్మపురి దిక్కు ఒకాయనకు మారుమనువు ఇచ్చారు. ఎవరూ తప్పనలేదు. కానీ పిల్ల ఈ ఇంటి పిల్ల, ఇక్కడే ఉంటది అని తాత తన దగ్గరే ఉంచుకున్నాడు. అదీ ఎవరూ తప్పనలేదు. అప్పటి పద్ధతి అదే, చీర కట్టుకొని పోయే ఆమె ఒక్కతే పోవాలి.

రెండేళ్లకు ధర్మపురి జాతరలో తల్లి కనబడింది. చంకలో ఇంకో పిల్ల. అత్తమ్మ మాటలే రాస్తున్నాను: నన్ను జూసి ఏడ్వలె, నవ్వలె. గాజుల దుకాణం కాడ నాకు గాజులేపిచ్చింది. ఏసినంక నా చెయ్యి ఇడ్వలె. మా తాతనే ఇడిపిచ్చిండు.

ఆ తర్వాత తల్లిని మళ్లీ చూశావా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

గంప ఖాళీ అయ్యాక అడిగింది. అందరు హెలెనమ్మ వయసడుగుతుండ్లు, సిగ్గడుగుతుండ్లు. నాకు గవేం అద్దు. నవనీత ఏడుంటది, గదొక్కటి చెప్పు అంది.

శ్రీవాణి ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాను, చాయ తాగాను, ఆయన వయసు అడిగాను, ఊరు అడిగాను, పిల్లలున్నారా అని అడిగాను. ఇది అడగలేదు.

మధ్యాహ్నం గ్రూపు తెరిచి ఆ శుక్రవారం మెసేజ్‌లు మొదటి నుంచి మళ్లీ చదివాను. నాలుగు వందల పన్నెండు. మీసం గురించి ఇరవై మూడు. గోడ మీది ఫొటో గురించి నలభై. ఎడిత్ ఎక్కడుంటుంది అని ఒక్కటీ లేదు. సరే అన్న తొమ్మిది మంది కూడా అడగలేదు.

అక్టోబర్ 8, బుధవారం

అత్తమ్మను తీసుకొని సిరిసిల్ల వెళ్లాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. వేములవాడ బస్టాండులో మెట్లు ఎక్కలేక ఆగింది, నేనూ ఆగాను. నాకూ ఆయాసంగానే ఉంది. కారు మాట్లాడుతా అని ఆయన అన్నా వినలేదు, అల్లుణ్ని చూడపోతలేను, అడుగపోతున్న, గంతదానికి కారెందుకు అంది.

శ్రీవాణి అన్నం తినడానికి ఇంటికి వచ్చిన వేళ. తల్లికి నీళ్లు చేతికిచ్చింది. నాకు గ్లాసు స్టూలు మీద పెట్టింది.

అత్తమ్మ శ్రీవాణితో ఏమీ మాట్లాడలేదు. నవనీతను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నువ్వు ఏడుంటవే అని అడిగింది. గొంతు గట్టిగా పెట్టి అడిగింది, పంచాయతీలో అడిగినట్టు.

నవనీతకు మొదట అర్థం కాలేదు. నేనా, ఈడనే ఉంట, నేనెందుకు పోత అమ్మమ్మా అంది. ఎండకాలంలనే అమ్మ అందరికన్న ముందుగాల నన్నే అడిగింది, నేను ఈ ఇల్లిడిచి రాను, సారునే రమ్మను అన్న, సారు సరె అన్నడు, రెండు దినాలు ఆలోచించుకోరి సార్ అన్న, ఆలోచించుకునుడేంది, నాది కిరాయి ఇల్లేనాయె అన్నడు అని చెప్పింది.

అత్తమ్మ కొంచెంసేపు ఆ పిల్ల ముఖంలోకే చూసింది. నిజం చెబుతుందా, తల్లి చెప్పమంటే చెబుతుందా అని. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో పెట్టుకొని, భుజాలు కదిలిపోతుంటే. అయితె మారుమనువు పోయేది నా బిడ్డ గాదు, గాయిన అంది. మొగోడు మారుమనువు అచ్చుడు నా జన్మల సూడలేదే అంది. శ్రీవాణి తల పక్కకు తిప్పుకొంది. నవ్వో ఏడుపో నాకు కనబడలేదు.

బయల్దేరేటప్పుడు శ్రీవాణి నన్ను గేటు దాకా సాగనంపింది. నా బాధ లెక్క పంపినందుకు కాదు వదినా అంది. నాకు ముప్పై మందితోని పనిలేకుండె, ఒక్కదానితోనే ఉండె అంది.

క్షమించు అనాలి. బస్సు టైమయింది అన్నాను.

రాత్రి అన్నాల దగ్గర అత్తమ్మ కొడుక్కి చెప్పింది: బిడ్డ పోతలేదు, అల్లుడస్తుండు. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. లేస్తూ, ఆయినకు మోటర్ల పని గిట్ల అస్తదా అని నన్నడిగాడు.

అక్టోబర్ 10, శుక్రవారం

ఐదో ఎపిసోడ్. చూడలేదు. పడుకున్నాను.

అక్టోబర్ 18, శనివారం

నిన్న సీజన్ అయిపోయింది. ఐదోదీ ఆరోదీ కలిపి అత్తమ్మతో చూశాను.

ఆఖర్లో ముసలి దొరసాని గొంతు కూడా పెంచలేదు. నువ్వు వెళ్లవచ్చు హెలెన్, ఎడిత్ ఈ ఇంటి పిల్ల, ఇక్కడే ఉంటుంది అంది. హెలెన్ ఉంగరం తీసి పైక్ చేతిలో పెట్టేసింది. అతను సైకిల్ నడిపించుకుంటూ పోయాడు, ఎక్కలేదు. అదే ఆఖరి సీను. తాతైనా నాయినమ్మైనా, ఏ దేశమైనా గంతే అంది అత్తమ్మ.

గ్రూపులో మాత్రం తుఫాను. వద్దన్న వాళ్లే ఏడుస్తున్నారు. పాపం పైకు సారు అని, ఆ సైకిల్ చూసి అన్నం తినబుద్ధి కాలేదు అని, హెలెనమ్మ బతుకు బుగ్గిపాలు చేసిండ్లు అని. గోడ మీద ఫొటో అన్న టీచరమ్మ, పోయినోడు వస్తడా, ఉన్నోళ్లు బతుకద్దా అని రాసింది. మోకాళ్ల తైలం ఆమె నాలుగో సీజన్‌లో పెళ్లి చేయాలని కంపెనీకి ఉత్తరం రాద్దామంటోంది. ప్రేమ్‌కుమార్ సారు ఇంగ్లీషులో రాసిపెడతానన్నారు. మీసం తీసేయాలని కూడా రాయమంది బట్టల దుకాణం ఆమె.

నాకు కోపం రాలేదు. అలసటగా అనిపించింది. మూడు వారాల కింద వీళ్ల మాటను నేను కొలిచి, కూడి, ఫొటో తీసి పంపాను.

సంగీత అడిగింది: రమక్కా, రేపు లెక్క కావాలె, ఎందరు పెండ్లి కావాలంటుండ్లో. ఉత్తరంల పెడుదాం.

ఈసారి లెక్క తీయను అని రాశాను. రాసి, ఇంకోటి రాశాను. సెప్టెంబర్ 28 లెక్కలో తప్పు ఉంది. వద్దు ముప్పై, సరే పది. అది సరిచేసుకోండి.

ఎవలు మారిండ్లక్కా అని అడిగారు.

నేను అని పెట్టాను. మా ఆయన పిన్ని కోడలు చదువుతుందని తెలిసే, కింద ఇది కూడా పెట్టాను: మా ఆడబిడ్డ శ్రీవాణికి వచ్చే నెల పెళ్లి. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది.

ఇద్దరు గ్రూపులోంచి పోయారు. పిన్ని కోడలు ఫోన్ చేసింది, ఎత్తలేదు. తర్వాత సంగీత రాసింది: పెండ్లికూతురికి ఫేషియల్ నేనే చేస్త, సిరిసిల్లకు నేనే అస్త, పైసలు వద్దు. ఆ తర్వాత ప్రేమ్‌కుమార్ సారు, శుభం అని ఒక్క మాట.

నేను పెట్టిన మెసేజ్ ఫొటో తీసి శ్రీవాణికి పంపాను. చూసింది. రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

పొద్దున శ్రీవాణి మెసేజ్. చీరె కొనేకాడికి నువ్వు రావాలె వదినా. అంతే ఉంది.

నవంబర్ 6, గురువారం

సిరిసిల్ల. గుడిలో తాళి పొద్దున్నే అయింది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గుమ్మం నడిమి నిలబడి ఉంది, లోపలికి ఎవర్నీ రానీయదు. గడప మీద బియ్యం నింపిన చెంబు. శ్రీవాణిని చెయ్యి పట్టి లోపలికి లాగేసుకొని, హరిప్రసాద్‌ను ఆపింది. అచ్చేటోనివి నువ్వు, కుడికాలు పెట్టు బిడ్డా అంది.

ఆయన నన్ను చూశాడు. నేను తల ఊపాను. గట్టిగానే తన్నాడు. బియ్యం నవనీత చెప్పుల దాకా పోయాయి.